ఎగిరే నాణెంపై గురి తప్పలేదు.. బేరార్ మాత్రం చేజారింది! అసలు 'తీస్‌మార్‌ఖాన్' మహబూబ్ అలీ పాషా కథ

ఖమ్మం జిల్లా కుసుమంచి సెంటర్లో టీ కొట్టు దగ్గర ఎవరైనా కాస్త ఎక్కువ బిల్డప్ ఇస్తే చాలు.. నువ్వేమైనా పెద్ద తీస్‌మార్‌ఖాన్‌వా అని పక్కనున్నవాడు అనేస్తాడు. ఒక్క కుసుమంచి అనేంటి, తెలంగాణలో ఈ మాట వినని ఊరే ఉండదు. ఇంతకీ ఎవరీ తీస్‌మార్‌ఖాన్?

ఉర్దూలో తీస్ అంటే ముప్ఫై. మార్ అంటే చంపడం. ముప్ఫై ఈగల్ని చంపి, ముప్ఫై మందిని చంపానని డప్పు కొట్టుకున్న ఓ బడాయి మనిషి కథ ఉత్తరాదిలో ఎప్పటి నుంచో ఉంది. హైదరాబాద్‌లో మాత్రం ఈ పేరు వినగానే పాతబస్తీ పెద్దలు ఓ రాజు పేరు చెబుతారు. ఆయన ఈగల్ని కాదు, పులుల్ని కొట్టాడు. అదీ ముప్ఫై కాదు, కనీసం 33 అని లెక్క చెబుతారు. ఆయనే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. జనం నోట్లో మహబూబ్ అలీ పాషా.

ఇవాళ షూటింగ్ అంటే ఒలింపిక్స్ గుర్తొస్తుంది. ట్రాప్, స్కీట్ అంటూ గాల్లోకి ఎగిరే మట్టి పళ్లేలను తుపాకీతో పేల్చే ఆట టీవీలో చూస్తున్నాం. కానీ నూట పాతికేళ్ల కిందటే గాల్లోకి ఎగరేసిన నాణెాన్ని గురి చూసి కొట్టే రాజు మన గడ్డ మీద ఉన్నాడని ఎంతమందికి తెలుసు? ఆ గురి వెనక ఉన్న మనిషి కథ మాత్రం అంత సూటిగా సాగలేదు.

రెండున్నరేళ్లకే గద్దె

1866 ఆగస్టులో హైదరాబాద్ పురానీ హవేలీలో మహబూబ్ అలీ ఖాన్ పుట్టాడు. తండ్రి ఐదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా. 1869 ఫిబ్రవరి 26న తండ్రి చనిపోయాడు. అప్పటికి పిల్లాడి వయసు రెండున్నరేళ్లు. మాటలు కూడా సరిగా రాని వయసులో దేశంలోనే అతి పెద్ద సంస్థానానికి నిజాం అయిపోయాడు.

ఎంత పెద్దదంటే.. 82 వేల చదరపు మైళ్లకు పైమాటే. 1901 జనాభా లెక్కల్లో కోటీ 11 లక్షల మంది. అందులో దాదాపు సగం మంది మాట్లాడేది తెలుగు. ఇవాళ్టి కుసుమంచి, పాలేరు, ఖమ్మం, ఇల్లందు అన్నీ అందులోవే. అప్పట్లో ఖమ్మం జిల్లా అనేదే లేదు. ఇదంతా వరంగల్ జిల్లా కింద ఉండేది. ఖమ్మం విడిగా జిల్లా అయింది 1953 అక్టోబర్ 1న. గోదావరి అవతల ఉన్న భద్రాచలం అయితే 1860లోనే నిజాం చేతిలోంచి ఇంగ్లిష్ వాళ్ల చేతిలోకి వెళ్లిపోయింది. అంటే మహబూబ్ అలీ పుట్టేసరికే గోదావరి గట్టు ఆయన రాజ్యానికి సరిహద్దు.

పిల్ల నిజాం తరఫున పాలన చూసింది ఇద్దరు. ఒకరు దివాన్ మొదటి సాలార్ జంగ్, రెండోవారు పాయెగా వంశపు పెద్ద షమ్స్ ఉల్ ఉమ్రా. అసలు చక్రం తిప్పింది సాలార్ జంగే. పన్నుల వసూలు నుంచి జిల్లాల ఏర్పాటు దాకా ఆధునిక హైదరాబాద్‌కు పునాది వేసింది ఆయనే. ఆయన మనసులో ఒక్కటే పెద్ద కోరిక ఉండేది.. బేరార్. పత్తి బాగా పండే ఆ సీమను 1853లో ఇంగ్లిష్ వాళ్లు సైన్యం ఖర్చుల పేరుతో తమ చేతిలోకి తీసుకున్నారు. దాన్ని తిరిగి తెచ్చుకోవాలని సాలార్ జంగ్ ఏళ్ల తరబడి తిరిగాడు. 1876లో ఇంగ్లాండ్ కూడా వెళ్లాడు. పని కాలేదు. ఈ బేరార్ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇంగ్లిష్ చదువు చదివిన మొదటి నిజాం మహబూబ్ అలీయే. ఇందుకోసం జాన్ క్లర్క్ అనే కెప్టెన్‌ను తీసుకొచ్చారు. పొద్దున పార్శీ, ఉర్దూ, మధ్యలో ఇంగ్లిష్, మిగతా టైం గుర్రపు స్వారీ, తుపాకీ. చదువు సంగతి ఎలా ఉన్నా ఈ చివరి రెండింట్లో పిల్లాడు దూసుకుపోయాడు. 1877లో ఢిల్లీ దర్బార్‌కు తీసుకెళ్లేటప్పటికి పదేళ్ల కుర్రాడు.

1883 ఫిబ్రవరిలో సాలార్ జంగ్ కలరాతో హఠాత్తుగా పోయాడు. పొద్దున బాగున్న మనిషి రాత్రికి లేడన్నంత వేగంగా జరిగిపోయింది. ఏడాది తర్వాత, 1884 ఫిబ్రవరి 5న వైస్రాయ్ రిపన్ స్వయంగా హైదరాబాద్ వచ్చి పూర్తి అధికారాలు అప్పగించాడు. నిజాం వయసు పదిహేడున్నర. పక్కన దారి చూపించే పెద్ద దిక్కు లేదు. దివాన్‌గా సాలార్ జంగ్ కొడుకునే పెట్టుకున్నాడు కానీ మూడేళ్లకే ఇద్దరికీ చెడింది.

నాణెం ఎగిరితే చాలు..

రాజ్యం ఫైళ్ల దగ్గర విసుగు పడే ఈ కుర్ర నిజాం తుపాకీ చేతికొస్తే మాత్రం వేరే మనిషి. నాణేలు గాల్లోకి ఎగరేయించి రైఫిల్‌తో కొట్టేవాడని, సీసాలు, మట్టి బంతులు కూడా ఇలాగే పేల్చేవాడని ఆ కాలం వాళ్లు చెప్పిన కథలు బోలెడు. కథలే కదా అని కొట్టిపారేయొచ్చు. కానీ ఆయన గురి మంచిదన్న సంగతిలో పొగిడేవాళ్లకు, తిట్టేవాళ్లకు తేడా లేదు.

అసలు ఇది ఎంత కష్టమో తెలియాలంటే ఇవాళ్టి ఆటను పక్కన పెట్టి చూడాలి. ట్రాప్ షూటింగ్‌లో గాల్లోకి లేచే పళ్లెం వెడల్పు 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. పేరు మట్టి పిట్ట అయినా ఇప్పుడు వాటిని తారులాంటి పదార్థం, సున్నపురాయి పొడి కలిపి చేస్తారు. షూటర్ ముందు 15 మీటర్ల దూరంలో ఉన్న గుంతలోంచి మిషన్ దాన్ని విసురుతుంది. వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. ఎటు వస్తుందో ముందే తెలియదు. చూసి, తుపాకీ తిప్పి, ట్రిగ్గర్ నొక్కడానికి సెకను కూడా ఉండదు. రెండు గుళ్లు కాల్చే ఛాన్స్ ఉంటుంది.

స్కీట్ ఇంకో రకం. ఒకటి ఎత్తుగా, ఒకటి కిందగా రెండు గూళ్ల లాంటి ఇళ్లు ఉంటాయి. వాటిలోంచి పళ్లేలు ఒకదానికొకటి అడ్డంగా దూసుకొస్తాయి. షూటర్ అర్ధచంద్రాకారంలో ఉన్న ఎనిమిది చోట్ల నుంచి కాలుస్తాడు. పళ్లెం కనిపించేదాకా తుపాకీ నడుము దగ్గరే ఉండాలి.

ఈ రెండు ఆటల్లో వాడేది షాట్‌గన్. ఒక తూటాలో వందల కొద్దీ చిన్న చిన్న సీసం గుళ్లు ఉంటాయి. అవి గొడుగులా విచ్చుకుంటాయి కాబట్టి కాస్త అటూ ఇటూ అయినా నాలుగు గుళ్లు తగిలితే పళ్లెం పగులుతుంది. రైఫిల్ అలా కాదు. ఒక్కటే గుండు. పైగా వెండి రూపాయి వెడల్పు ఎంత? 30 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. అంటే మట్టి పళ్లెంలో మూడో వంతు కూడా లేదు. దాన్ని ఒక్క గుండుతో గాల్లో కొట్టాలి! ఇప్పటి ఛాంపియన్లు కూడా ఆలోచించాల్సిన పనే.

మహబూబ్ అలీ పెరుగుతున్న రోజుల్లోనే ఈ ఆట కూడా పెరుగుతోంది. మొదట్లో ఇంగ్లాండ్‌లో బతికున్న పావురాల్ని పెట్టెల్లో పెట్టి, తాడు లాగి వదిలి కాల్చేవారు. ట్రాప్ అన్న పేరు ఆ పెట్టె నుంచి వచ్చిందే. తర్వాత అమెరికాలో గాజు బంతులు వచ్చాయి. 1880లో సిన్సినాటికి చెందిన జార్జ్ లిగోవ్‌స్కీ మట్టి పళ్లేన్ని తయారు చేశాడు. చెరువులో పిల్లలు పెంకులు విసురుతుంటే అవి నీళ్ల మీద తేలుతూ వెళ్లడం చూసి ఐడియా వచ్చిందంటారు. మన పల్లెల్లో పిల్లలు చెరువు గట్టున పెంకులాట ఆడినట్టే అన్నమాట. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో ట్రాప్ చేరింది. స్కీట్ మాత్రం నిజాం చూడని ఆట. అది 1920ల్లో అమెరికాలో పుట్టి, 1968 మెక్సికో ఒలింపిక్స్‌కు గానీ ఎక్కలేదు.

హైదరాబాద్‌లో అప్పటికి క్లబ్బుల సంస్కృతి కూడా మొదలైంది. 1878లో సికింద్రాబాద్ క్లబ్, 1884లో నిజాం క్లబ్ వచ్చాయి. సికింద్రాబాద్ క్లబ్ పాత భవనం ఒకప్పుడు సాలార్ జంగ్ షికారు బంగళా అని చెబుతారు. 2022 జనవరిలో అగ్నిప్రమాదంలో కాలిపోయింది ఆ భవనమే. పోలో, గుర్రప్పందేలు, షికారు, లక్ష్యాలపై కాల్పులు.. ఇంగ్లిష్ ఆఫీసర్లు, హైదరాబాద్ నవాబులు ఒకరితో ఒకరు కలిసేది ఎక్కువగా వీటి దగ్గరే. నిజాంకు కుడిభుజంలా ఉన్న సైన్యాధిపతి అఫ్సర్ ఉల్ ముల్క్ కూడా పోలోలో, వేటలో పేరు మోసినవాడే.

1893 జనవరిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ప్రపంచ యాత్రలో భాగంగా హైదరాబాద్ వచ్చాడు. వేట పిచ్చి అంటే ఆయనదే. జీవితంలో రెండు లక్షల డెబ్భై వేలకు పైగా జంతువుల్ని, పక్షుల్ని కొట్టినట్టు లెక్కలు రాసిపెట్టుకున్న మనిషి! నిజాం అతిథిగా ఇక్కడి అడవుల్లో పులి వేటకూ వెళ్లాడు. నిజాంతో గురి పోటీ కూడా పడ్డాడని హైదరాబాద్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే ఫ్రాంజ్ ఫెర్డినాండ్ 1914 జూన్ 28న సారాజెవోలో ఓ కుర్రాడి పిస్టల్‌కు బలయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధం అలా మొదలైంది.

డప్పులు కొట్టినవాళ్లు ఎవరు?

పులి వేట అంటే సినిమాల్లో చూపించినట్టు రాజు ఒక్కడే అడవిలోకి వెళ్లి ఢీ కొట్టడం కాదు. దానికి పెద్ద సెటప్ ఉండేది. ముందు పులి ఎక్కడ తిరుగుతుందో అడవి మనుషులు జాడ తీయాలి. దున్నపిల్లను ఎరగా కట్టాలి. పులి దాన్ని కొట్టిందని కబురు రాగానే చెట్ల మీద మంచెలు కట్టాలి. అప్పుడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వందల మంది వచ్చి డప్పులు, డబ్బాలు మోగిస్తూ, కేకలు వేస్తూ పులిని మంచెల వైపు తోలాలి. పైన కూర్చున్నవాళ్ల చేతిలో తుపాకీ ఉంటుంది. కింద నడిచేవాళ్ల చేతిలో డప్పు.

తెలంగాణలో అది వెట్టి కాలం. దొర పిలిచినా, తహసీల్దార్ పిలిచినా, వేట క్యాంపు పడినా పనులు వదిలి వెళ్లాల్సిందే. ఫొటోల్లో చచ్చిన పులి ముందు తుపాకీ పట్టుకున్న దొరల పేర్లు కింద రాసి ఉంటాయి. వెనకాల చెట్ల కింద నిలబడ్డ తలపాగాల వాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. తీస్‌మార్‌ఖాన్ అన్న బిరుదులో సగం వాటా నిజానికి వాళ్లకే రావాలి.

ఆ ఫొటోలు తీసింది రాజా దీన్ దయాళ్. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్. సికింద్రాబాద్‌లో, బొంబాయిలో స్టూడియోలు నడిపినవాడు. రాజా అన్న బిరుదు ఇచ్చింది కూడా మహబూబ్ అలీయే. సన్నని మనిషి, బుగ్గ మీసాలు, ఒంటి మీద చక్కగా కుట్టిన కోటు.. ఆరో నిజాం అనగానే మనకు కళ్ల ముందు కనిపించే రూపం చాలావరకు దీన్ దయాళ్ కెమెరా ఇచ్చిందే.

వరంగల్, ఖమ్మం అడవుల్లోకి షికారు పార్టీలు తేలిగ్గా రావడానికి ఓ కారణం రైలు. సింగరేణి ప్రాంతంలో బొగ్గు ఉందని 1871లో డాక్టర్ విలియం కింగ్ కనిపెట్టాడు. ఆ బొగ్గు కోసం రైలు పట్టాలు వరంగల్ దాటి డోర్నకల్, ఇల్లందు వైపు సాగాయి. 1889 నాటికి లైన్ బెజవాడ దాకా వెళ్లింది. అదే ఏడాది ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది. అంటే ఇవాళ ఖమ్మం స్టేషన్‌లో మనం ఎక్కే రైలు దారి, సింగరేణి గనులు.. రెండూ మహబూబ్ అలీ హయాంలోనివే. ఈ గనుల హక్కుల అమ్మకంలో జరిగిన గోల్‌మాల్ మీద 1888లో లండన్ పార్లమెంట్ విచారణ కమిటీ కూడా వేసింది. ఖమ్మం బొగ్గు లండన్‌లో హెడ్‌లైన్ అయిందన్నమాట!

రైలు వచ్చాక అడవి దగ్గరైంది. అడవి దగ్గరయ్యాక పులికి కష్టమొచ్చింది.

నెక్కొండలో పులి.. హైదరాబాద్‌లో బేరార్

1902 వేసవి మొదట్లో వైస్రాయ్ కర్జన్ హైదరాబాద్ వచ్చాడు. భార్య మేరీని కూడా తీసుకొచ్చాడు. వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర పులి వేట ఏర్పాటు చేశారు. చచ్చిన పులి దగ్గర కర్జన్ దంపతులు నిలబడ్డ ఫొటో అప్పటి బ్రిటిష్ ఇండియా ఫొటోల్లో బాగా పేరున్నది. నెక్కొండ అంటే ఎక్కడో కాదు, డోర్నకల్ నుంచి కాజీపేట వెళ్లే లైన్లోనే ఉన్న స్టేషన్.

అయితే కర్జన్ వచ్చింది పులి కోసం కాదు. బేరార్ కోసం.

మార్చి నెలాఖరున నిజాం, వైస్రాయ్ ముఖాముఖి కూర్చున్నారు. బేరార్ మీద హక్కు నిజాందే అని పేరుకు ఒప్పుకుంటాం, కానీ ఆ సీమను శాశ్వతంగా మాకు లీజుకు ఇచ్చేయాలి, ఏడాదికి 25 లక్షల రూపాయలు ఇస్తాం.. ఇదీ కర్జన్ పెట్టిన బేరం సారాంశం. సాలార్ జంగ్ బతికుంటే ఏం చేసేవాడో గానీ, మహబూబ్ అలీ ఆ గది నుంచి బయటికి వచ్చేసరికి ఒప్పేసుకున్నాడు. ఆ ఏడాది నవంబర్‌లో ఒప్పందం మీద సంతకాలు అయిపోయాయి. తాతల కాలం నుంచి తిరిగి తెచ్చుకోవాలనుకున్న సీమ శాశ్వతంగా పోయింది.

దీనికి బదులుగా నిజాంకు జీసీబీ అనే పెద్ద బిరుదు దక్కింది. ఆ మూడు అక్షరాలకు జనం కొత్త అర్థం చెప్పుకున్నారు. జీ అంటే గేవ్, సీ అంటే కర్జన్, బీ అంటే బేరార్. కర్జన్‌కు బేరార్ ఇచ్చేసినవాడు అని. సోషల్ మీడియా లేని రోజుల్లోనే ఇంత పవర్‌ఫుల్ ట్రోలింగ్!

నిజాంను పూర్తిగా తప్పు పట్టాలా అంటే అదీ కష్టమే. తుపాకీ గురి వేరు, వైస్రాయ్ ముందు కుర్చీ వేరు. రెండున్నరేళ్ల వయసు నుంచి ఇంగ్లిష్ రెసిడెంట్ నీడలో పెరిగినవాడు. 1887లో సరిహద్దు రక్షణ కోసం తనంతట తానే 60 లక్షల రూపాయలు ఇస్తానని ఇంగ్లిష్ సర్కారుకు చెప్పినవాడు. దోస్తీ చేస్తే బేరార్ తిరిగొస్తుందని ఆయన నమ్మి ఉండొచ్చు. వచ్చింది మాత్రం బిరుదు.

వజ్రం చెప్పులో.. బట్టలు బీరువాలో

ఈయన షోకుల గురించి చెప్పాలంటే ఓ సీరీస్ రాయాలి. పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువా ఇప్పటికీ ఉంది. రెండంతస్తులు, పైకి వెళ్లడానికి చేత్తో తిప్పే లిఫ్ట్! ఒకసారి వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదంటారు. నిజాం మ్యూజియంకు వెళ్తే ఎవరైనా చూడొచ్చు.

జాకబ్ వజ్రం గొడవ అయితే మరీ విచిత్రం. 1891లో అలెగ్జాండర్ జాకబ్ అనే వ్యాపారి ఓ పెద్ద వజ్రం అమ్మజూపాడు. బరువు 184 క్యారెట్లకు పైనే. బేరం బెడిసికొట్టి, అడ్వాన్స్ డబ్బుల దగ్గర తగాదా వచ్చి, కేసు కలకత్తా హైకోర్టు మెట్లెక్కింది. చివరికి వజ్రం నిజాం దగ్గరికే చేరింది కానీ ఆయనకు దాని మీద మనసు విరిగిపోయింది. చాలా ఏళ్ల తర్వాత తండ్రి చెప్పు ముందు భాగంలో అది కొడుకుకు దొరికిందని, ఆయన దాన్ని కాగితాల మీద బరువుగా వాడుకున్నాడని అంటారు. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాం నగల్లో ఈ వజ్రం కూడా ఉంది.

కవిత్వం కూడా రాసేవాడు. ఆసిఫ్ అనేది కలం పేరు. ఢిల్లీ నుంచి వచ్చిన ప్రసిద్ధ ఉర్దూ కవి దాగ్ ఆయనకు గురువు. మందు అలవాటు కూడా గట్టిగానే ఉండేదని చరిత్ర రాసినవాళ్లు దాచలేదు.

మరి ఇన్ని లోపాలున్న రాజును జనం ఎందుకంత ప్రేమించారు?

మూసీ వచ్చిన రోజు

1908 సెప్టెంబర్ 28. మూసీ నది హైదరాబాద్‌ను ముంచేసింది. వంతెనలు మునిగాయి, బస్తీలు కొట్టుకుపోయాయి. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలో చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ఇప్పటికీ ఉంది.

నిజాం ప్యాలెస్ గేట్లు తెరిపించాడు. దిక్కులేనివాళ్లకు అక్కడే నీడ, అక్కడే తిండి. తానే వరద చోట్లకు వచ్చాడు. నదీ తల్లిని శాంతింపజేయాలని పండితులు చెప్తే, పట్టు బట్టలతో హారతి పట్టి మూసీకి చీర, పసుపు కుంకుమలు సమర్పించాడని నగరంలో కథ. ముస్లిం రాజు, హిందూ పూజ.. ఈ కథను హైదరాబాద్ ఈ రోజుకీ మర్చిపోలేదు.

ఇంకో నమ్మకం పల్లెల దాకా పాకింది. పాము కరిస్తే మహబూబ్ పాషా పేరు చెప్పి ఆన పెడితే విషం దిగుతుందని. రాత్రిపూట ఏ వేళకు వచ్చినా పాము కాటు మనిషిని తన దగ్గరికి పంపాలని నిజాం సిబ్బందికి చెప్పి ఉంచాడని అంటారు. ఇది వైద్యం కాదు, పాము కరిస్తే వెంటనే ఆసుపత్రికే వెళ్లాలి. కానీ అర్ధరాత్రి సామాన్యుడి కోసం లేచే రాజు ఉన్నాడన్న నమ్మకం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. మారువేషంలో రాత్రిళ్లు వీధుల్లో తిరిగేవాడని, కష్టం చెప్పుకున్నవాళ్లకు తెల్లారేసరికి సాయం అందేదని కూడా కథలు.

1901 నుంచి దివాన్‌గా ఉన్న మహారాజా కిషన్ పర్షాద్ దారిలో పేదలకు గుప్పిళ్లతో నాణేలు విసిరేవాడని పేరు. ఒకరు నాణేలు పంచడానికి విసిరితే, ఇంకొకరు పేల్చడానికి విసిరించారు. ఆ హైదరాబాద్ అలాంటిది.

పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది ఈయన పేరు మీదే. ఖమ్మం పక్కనే ఉన్న మానుకోటకు మహబూబాబాద్ అన్న పేరు కూడా ఈయన వల్లే వచ్చిందంటారు. 1907లో ఆడపిల్లల కోసం మొదలైన మహబూబియా స్కూల్ ఈయన పేరుతోనే నడుస్తోంది. చార్మినార్ బొమ్మతో నాణేలు వచ్చింది కూడా ఈయన కాలంలోనే.

45 ఏళ్లకే..

ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టింది నిజాం కాదు, ఆయన దివాన్‌గా పనిచేసిన వికార్ ఉల్ ఉమ్రా. నిజాంకు నచ్చింది. 1897 ప్రాంతంలో ఆ ప్యాలెస్ నిజాం చేతికి వచ్చింది. అదే కొండ మీద 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూశాడు. అప్పుడే 45 ఏళ్లు నిండాయి. గద్దె మీద మాత్రం 42 ఏళ్లు! మక్కా మసీదు ఆవరణలో తాతముత్తాతల పక్కన సమాధి చేశారు.

తర్వాత వచ్చిన కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పూర్తిగా వేరే టైప్. తండ్రి ఖర్చు మనిషి, కొడుకు పొదుపు మనిషి. బేరార్ కోసం ఆయన కూడా లేఖలు రాశాడు. 1926లో వైస్రాయ్ రీడింగ్ గట్టిగా బదులిచ్చి ఆ ఆశకు కూడా నీళ్లొదిలించాడు.

ఇక అడవి సంగతి. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో పాకాల అభయారణ్యం అయింది. ఏటూరునాగారం, 1977లో కిన్నెరసాని కూడా అభయారణ్యాలయ్యాయి. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది, మరుసటి ఏడాది ప్రాజెక్ట్ టైగర్. ఒకప్పుడు పులిని కొడితే బిరుదు, ఇప్పుడు జైలు. అప్పట్లో షికారు పార్టీలు దిగిన ఈ ప్రాంతంలో ఇవాళ ఒక్క పులి అడుగు కనిపించినా ఫారెస్ట్ వాళ్లు కెమెరాలు పెట్టి కాపలా కాస్తున్నారు. మన లాంటి ఛానళ్లకు అది బ్రేకింగ్ న్యూస్.

తుపాకీ మాత్రం ఆటగా మిగిలింది. 1951లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడింది. మొదట్లో మన దేశంలో ట్రాప్, స్కీట్ ఆడింది ఎక్కువగా మాజీ సంస్థానాల వాళ్లే. బికనీర్ మహారాజు కర్ణీ సింగ్ 1962లో కైరో ప్రపంచ పోటీల్లో ట్రాప్‌లో రజతం తెచ్చాడు. ఐదు ఒలింపిక్స్ ఆడాడు. వేటలో తుపాకీ పట్టిన కుటుంబాలే మొదట మట్టి పళ్లేల వైపు తిరిగాయి. తూటాల ఖర్చు, తుపాకీ లైసెన్స్, రేంజ్ దూరం.. వీటి వల్ల సామాన్యుడికి ఈ ఆట ఇప్పటికీ అంత తేలిక కాదు. ఖమ్మం కుర్రాడు షాట్‌గన్ నేర్చుకోవాలన్నా హైదరాబాద్ బస్సెక్కాల్సిందే.

హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్ వైపున్న షూటింగ్ రేంజ్‌లో ఇప్పుడు ఎగిరేది వెండి రూపాయి కాదు, నారింజ రంగు మట్టి పళ్లెం. హైదరాబాదీ కైనాన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ ఆడాడు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో టీమ్‌తో కలిసి స్వర్ణం, ఒంటరిగా కాంస్యం గెలిచాడు. అక్కడ కాల్పులు అయ్యాక నేల మీద మిగిలేది పగిలిన పెంకులే. డప్పు కొట్టడానికి ఎవర్నీ పిలవక్కర్లేదు, పళ్లేన్ని మిషనే విసురుతుంది.